ముఖమా, నీడా: గోథిక్ భయానక చిత్రాల్లో తెగని తగవు

2024 డిసెంబరులో రాబర్ట్ ఎగర్స్ ‘నోస్ఫెరాటు’ విడుదలైంది. విడుదలయ్యేదాకా పోస్టర్లలో గానీ ట్రైలర్లలో గానీ పిశాచమైన కౌంట్ ఓర్లాక్ ముఖాన్ని సరిగ్గా కనబడనివ్వలేదు. తీరా తెర మీద బిల్ స్కార్స్‌గార్డ్ ఒళ్లంతా కుళ్లిన పాతకాలపు రుమేనియా ప్రభువులా, గుబురు మీసాలతో కనిపించేసరికి ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. ఆ ప్రాంతపు, ఆ కాలపు ప్రభువుకు మీసం లేకపోతేనే వింత అన్నారు కొందరు. 1922 నాటి మూకీ ‘నోస్ఫెరాటు’ నుంచి వందేళ్లుగా మనసులో నాటుకున్న బోడితల ఓర్లాక్‌ను చెడగొట్టారని మరికొందరు బాధపడ్డారు. మరుసటి ఏడాది గియ్యెర్మో దెల్ తోరో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చింది. మైక్ హిల్ మేకప్‌లో జేకబ్ ఎలార్డి పోషించిన జీవి మరీ అందంగా ఉన్నాడా అనే చర్చ మొదలైంది.

మీసం గురించీ అందం గురించీ సాగిన ఈ వాదాల అడుగున ఉన్నది ఒకటే ప్రశ్న. గోథిక్ చిత్రంలో భయం పుట్టేది ఎక్కడ? మేకప్ మేన్ గంటల తరబడి కూర్చుని కట్టిన ముఖంలోనా? లేక దర్శకుడు, కెమెరామేన్, కళాదర్శకుడు కలిసి ఆ ముఖాన్ని ఎంతసేపు దాచారు, ఏ వెలుగులో, ఎంత దూరం నుంచి చూపారు అన్నదాంట్లోనా? వందేళ్లకు పైగా సాగుతున్న ఈ తగవు ఇంతగా చిక్కుపడటానికి నాకు తోచే కారణం ఒకటుంది. మేకప్ గురించిన తీర్పుల్లో చాలావరకు స్టిల్ ఫొటోలను చూసి చెప్పినవే. సన్నివేశంలో కదిలే ముఖాన్ని చూసి చెప్పినవి తక్కువ.

తగవు పుట్టింది పుస్తకాల్లో

సినిమా పుట్టకముందే గోథిక్ నవలాకారులు ఈ విషయంలో విడిపోయారు. 1764లో హొరేస్ వాల్పోల్ ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలైన ఈ ధోరణి ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి రెండు పాయలైంది. ఆన్ రాడ్‌క్లిఫ్ నవలల్లో భయం తలుపు అవతలే ఉంటుంది. మాథ్యూ లూయిస్ 1796 నాటి ‘ది మాంక్’లో శవం, రక్తం, దెయ్యం అన్నీ కళ్లెదుటే. రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆమె ఈ తేడాను సిద్ధాంతంగా చెప్పింది. అస్పష్టంగా ఉన్న భయం మనసును విప్పార్చి మేలుకొలుపుతుందనీ, కళ్లెదుటి బీభత్సం దాన్ని ముడుచుకుపోయేలా చేస్తుందనీ ఆమె వాదన. ఈనాటికీ దాచే పక్షం వాళ్లు చెప్పేది దాదాపు ఇదే.

మేరీ షెల్లీ మాత్రం ఈ గీతకు ఏ పక్కనా నిలబడదు. 1818 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఆమె జీవి రూపాన్ని స్పష్టంగానే వర్ణించింది. కింది కండరాలను కప్పీ కప్పనట్టున్న పసుపు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు, తెల్లటి పళ్లు, నీళ్లు నిండిన కళ్లు, నల్లబారిన పెదవులు. అవయవాలన్నీ ఎంపిక చేసి తెచ్చిన అందమైనవే. కలిపి చూస్తేనే భరించలేం. ఈ వర్ణనను యథాతథంగా తెరకెక్కించిన సినిమా అరుదు. కుట్లు, బోల్టులు, చదునైన తల ఏవీ పుస్తకంలో లేవు. అవన్నీ మేకప్ గదిలో పుట్టినవి.

మూకీల నాటి రెండు దారులు

1922లో ఎఫ్. డబ్ల్యు. ముర్నా తీసిన ‘నోస్ఫెరాటు’ నీడల పక్షానికి మూలగ్రంథం లాంటిది. నిర్మాత ఆల్బిన్ గ్రా కళాదర్శకత్వమూ దుస్తుల రూపకల్పనా చూశాడు. ఓర్లాక్‌గా నటించిన మాక్స్ ష్రెక్ ముఖానికి ఎలుక పళ్లలా ముందుకు పొడుచుకొచ్చిన కోరలు, పొడవాటి గోళ్లు పెట్టారు. మేకప్ చిన్నదేమీ కాదు. కానీ అందరికీ గుర్తుండిపోయింది మెట్ల పక్క గోడ మీద గోళ్లు చాస్తూ పైకి పాకిన నీడ. పైగా ఈ పిశాచం అప్పటి జర్మన్ చిత్రాల్లోలాగా రంగులేసిన సెట్ల మధ్య తిరగలేదు. విస్మార్, ల్యూబెక్ పట్టణాల నిజమైన వీధుల్లో, స్లొవాకియాలోని ఒరావా కోటలో తిరిగింది. రెండేళ్ల ముందు వచ్చిన ‘ద క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లో నీడల్ని సెట్ మీదే కుంచెతో గీశారు. ముర్నా నిజమైన ఊళ్లోకి అబద్ధపు ముఖాన్ని నడిపించాడు. ఆ పొసగనితనమే ఆ చిత్రానికి బలం.

రెండో దారి నటుడు లాన్ చానీది. తన మేకప్ తానే చేసుకునేవాడు. ‘ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా’ 14వ ముద్రణలో సినిమా మేకప్ గురించి రాసిందీ ఆయనే. 1925 నాటి ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా’ విడుదలకు ముందు ఆయన ముఖం ఫొటోలు బయటికి రాకుండా యూనివర్సల్ సంస్థ జాగ్రత్తపడింది. ఎగర్స్ చిత్రం వాడిన ప్రచార ఎత్తుగడ నిజానికి వందేళ్ల నాటిది.

చానీని మేకప్ పక్షానికి పెద్దదిక్కుగా చెబుతారు. కానీ ఆ ముసుగు తీసే సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడండి. ఫాంటమ్ ఆర్గన్ వాయిస్తూ కెమెరా వైపు కూర్చుని ఉంటాడు. నాయిక క్రిస్టీన్ వెనకనుంచి వచ్చి ముసుగు లాగేస్తుంది. కాబట్టి ఆ ముఖం ముందు మనకు కనిపిస్తుంది, ఆమెకు కాదు. ఆయన వెనక్కి తిరిగాకే ఆమె అరుపు. మనం చూసేసిన దాన్ని ఆమె ఇప్పుడు చూడబోతోందన్న ఆ కొద్ది క్షణాల ఆలస్యమే సన్నివేశానికి ప్రాణం. ఇద్దరినీ ఎటు కూర్చోబెట్టాలో తేల్చకపోయి ఉంటే చానీ పడ్డ శ్రమ సగమే పండేది.

1931: ఒక ప్రవేశం

ఈ చర్చలో అందరూ తిరిగి తిరిగి వచ్చి చేరేది జేమ్స్ వేల్ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ దగ్గరికే. గ్రీసులో పుట్టి అమెరికా వచ్చిన జాక్ పియర్స్ అప్పుడు యూనివర్సల్‌లో మేకప్ విభాగానికి పెద్ద. జీవిగా నటించిన బోరిస్ కార్లాఫ్ తల మీద దూదినీ కొలోడియన్ అనే ద్రవాన్నీ పొరలు పొరలుగా వేసి నుదురు పెంచాడు. రోజూ దాదాపు నాలుగు గంటల పని. శస్త్రవైద్యుడు మెదడు మార్చాలంటే పుర్రె పైభాగాన్ని అడ్డంగా కోసి పెట్టె మూతలా తెరుస్తాడు కదా అన్న ఆలోచనతో తల చదునుగా చేశాడు. మెడ పక్కన బోల్టుల్లా ఉన్నవి విద్యుత్తు లోపలికి పోయే మార్గాలు. తన కళ్లు మరీ చురుగ్గా ఉన్నాయని కార్లాఫ్ స్వయంగా అంటే రెప్పల మీద మైనం వేసి బరువుగా వాల్చారు. పక్కనున్న కట్టుడు పళ్లు తీసేస్తే ఒక చెంప లోతుకు పోయింది.

అప్పుడు వేల్ ఏం చేశాడో చూడాలి. ముందు అడుగుల చప్పుడు. పేర్లు పడేటప్పుడు తప్ప ఈ చిత్రంలో నేపథ్య సంగీతం లేదు కాబట్టి ఆ బూట్ల బరువు సూటిగా వినిపిస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. జీవి వెనక్కి నడుస్తూ లోపలికొస్తాడు, మనకు వీపే కనిపిస్తుంది. నెమ్మదిగా తిరుగుతాడు. అక్కడినుంచి కెమెరా జరగదు. వెంటవెంటనే కట్‌లు పడి ముఖం దగ్గరకి, మరీ దగ్గరకి వచ్చేస్తుంది. ఆ చివరి షాట్‌లో కదిలేదేమీ లేదు. మైనం బరువుకు సగం మూసుకున్న రెప్పల కింద కళ్లు ఎటు చూస్తున్నాయో తెలియదు. తర్వాత అతణ్ని సృష్టించిన హెన్రీ పైకప్పు తెరిస్తే వెలుగు పడుతుంది. ఇంతకాలం చీకట్లో పడున్న ఆ జీవి వెలుగును పట్టుకోవాలని చేతులెత్తుతాడు. పైకప్పు మూసేస్తే ఆ చేతులు అడుక్కుంటున్నట్టు అలాగే మిగిలిపోతాయి. రెండు నిమిషాల కింద దడ పుట్టించిన ముఖం మీద ఇప్పుడు జాలి కలుగుతుంది, మేకప్‌లో పిసరంత మార్పు లేకుండానే.

ఆ సన్నివేశపు స్టిల్ చూస్తే బోల్టులు, కుట్లు, చదునైన తల కనిపిస్తాయి. సన్నివేశాన్నే చూస్తే రెప్పలు, చేతులు గుర్తుంటాయి. మేకప్ గొప్పదా, దర్శకత్వం గొప్పదా అని ఇక్కడ విడదీసి అడగడమే పొరపాటని నా అభిప్రాయం. పెంచి కట్టిన నుదుటి కింద లోతుకు పోయిన కళ్లను పైనుంచి పడే వెలుగే నల్లటి గుంటలుగా మారుస్తుంది. ఆ నుదురు లేకపోతే ఆ వెలుగు పడ్డా ఫలితం ఉండదు. పియర్స్ ముఖాన్ని దీపాల కోసమే కట్టాడు.

అదే ఏడాది మొదట్లో వచ్చిన టాడ్ బ్రౌనింగ్ ‘డ్రాక్యులా’ను ఎదురు ఉదాహరణగా చూపుతారు. బేలా లుగోసి తన మేకప్ తానే చేసుకున్నాడు, కోరలు అసలు కనబడవు. కళ్ల మీద పడే సన్నటి వెలుగు గీతే ఆయన పిశాచత్వం. కానీ కార్ల్ ఫ్రాయిండ్ కెమెరా చురుగ్గా ఉన్నంతసేపు, అంటే ట్రాన్సిల్వేనియా కోటలో ఉన్నంతసేపే ఆ చిత్రానికి ఊపిరి ఉంటుంది. కథ లండన్ గదుల్లోకి చేరి రంగస్థల నాటకంలా నిలబడిపోయాక, ఆ కంటి వెలుగొక్కటే బండిని లాగలేకపోయింది.

దాచినవాళ్లూ, వెలుగుతో దిద్దినవాళ్లూ

దాచే పక్షానికి మంచి సాక్ష్యం పియర్స్ పనిలోనే దొరకడం విశేషం. 1932 నాటి ‘ద మమ్మీ’ కోసం ఆయన కార్లాఫ్‌కు ఎనిమిది గంటలపాటు కట్లు చుట్టాడు. దర్శకుడైన కార్ల్ ఫ్రాయిండ్ ఆ శ్రమనంతా ఒక్క చిన్న సన్నివేశంలో ఖర్చు పెట్టేశాడు. కళ్లు కొద్దిగా తెరుచుకుంటాయి, చేయి నెమ్మదిగా జారుతుంది, బల్ల మీది పత్రపు చుట్టను వేళ్లు అందుకుంటాయి. మమ్మీ నడవడం మనం చూడనే చూడం. గుమ్మం దాటుతూ ఈడ్చుకుపోయే కట్టు కొసలు, పిచ్చెక్కి నవ్వే కుర్రవాడు మాత్రమే కనిపిస్తారు. అంత మేకప్ వేసి అంత తక్కువ చూపడం వృథా అనుకునేవాళ్లున్నారు. నాకైతే ఆ పొదుపే ఆ చిత్రాన్ని నిలబెట్టిందనిపిస్తుంది.

కార్ల్ డ్రేయర్ ‘వాంపైర్’ (1932) ఇంకా దూరం వెళ్లింది. పిశాచం ఒక ముసలావిడ, ముఖాన మేకప్ దాదాపు లేదు. లెన్స్ ముందు పల్చటి గుడ్డ అడ్డుపెట్టి తీసిన బూడిదరంగు మసకే ఆ చిత్రపు మేకప్. సైనికుడి నీడ అతణ్ని వదిలి తన దారిన తాను తిరుగుతుంది. పదేళ్ల తర్వాత ఆర్.కె.ఓ. స్టూడియోలో నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ తీసిన ‘క్యాట్ పీపుల్’ ఈ పద్ధతికి పాఠ్యగ్రంథమైంది. ఈతకొలను సన్నివేశంలో ఉన్నవి గోడల మీద అల్లాడే నీళ్ల మెరుపు, ఒక గుర్రు, ఒక నీడ. అయితే స్టూడియో ఒత్తిడి వల్ల మరో సన్నివేశంలో నల్లచిరుతను నిజంగానే చూపాల్సి వచ్చింది. తక్కువ ఖర్చే ఈ కళకు కారణమని కొట్టిపారేసేవాళ్లు ఒకటి గమనించాలి. బడ్జెట్ లేక నీడల్ని నమ్ముకున్నవాళ్లు ఎందరో ఉన్నా, ఈ చిత్రపు కెమెరామేన్ నికొలస్ ముసురాకా వేసిన నీడల్లాంటివి వేసినవాళ్లు కొందరే.

ఈ రెండు పక్షాల మధ్య గోడను కూల్చేసింది రూబెన్ మమూలియన్ ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ (1931). మార్పు జరిగే షాట్‌లో కట్ లేదు. ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖం మీద ఎర్రరంగు గీతలు ముందే వేసి ఉంచారు. కెమెరామేన్ కార్ల్ స్ట్రస్ ఎర్ర ఫిల్టర్ వాడినంతసేపు నలుపు తెలుపు ఫిల్మ్ మీద ఆ గీతలు కనబడవు. ఫిల్టర్ మారేకొద్దీ అవి నల్లగా పైకి తేలతాయి. ‘బెన్‌హర్’ (1925)లో కుష్ఠురోగుల స్వస్థత కోసం స్ట్రస్ వాడిన ఉపాయమే ఇది, తిరగేసి. ఇక్కడ మేకప్ ఎక్కడ ముగిసింది, వెలుగు ఎక్కడ మొదలైంది? ఇటలీలో మారియో బావా ఇదే కిటుకుతో 1957 నాటి ‘ఇ వాంపిరి’లో నాయికను క్షణాల్లో ముసలిదాన్ని చేశాడు.

రంగు వచ్చాక

కార్లాఫ్ ముఖానికి పూసిన రంగు నలుపు తెలుపు ఫిల్మ్ మీద శవంలా పాలిపోయి కనిపించడానికి ఎంచుకున్నది. అది సెట్‌లో మాత్రమే ఉన్న రంగు, తెర మీద లేదు. అయినా పోస్టర్లు, బొమ్మలు, ముసుగులు ఫ్రాంకెన్‌స్టైన్ జీవిని ఆకుపచ్చగా లోకానికి అలవాటు చేశాయి. స్టిల్ బొమ్మ సినిమాను మింగేయడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నిజంగా రంగును వాడుకుంది ఇంగ్లండ్‌లోని హామర్ సంస్థ. ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1957) తీసేటప్పుడు పాత మేకప్ రూపం తనదని యూనివర్సల్ హెచ్చరించింది. దాంతో మేకప్ మేన్ ఫిల్ లీకీ కొత్త దారి వెతకాల్సి వచ్చి, క్రిస్టఫర్ లీ ముఖాన్ని ప్రమాదంలో చితికిన మాంసంలా తయారుచేశాడు. జీవి తన కట్లు చింపుకోగానే కెమెరా ఒక్క దూకుడుగా ఆ ముఖం మీదికి పోతుంది. కరుణకు తావివ్వని షాట్ అది. కార్లాఫ్ ముఖంలో ఉన్న లోతు ఈ ముఖంలో లేదు. కానీ పీటర్ కుషింగ్ పోషించిన బారన్ ఫ్రాంకెన్‌స్టైన్ క్రూరత్వం బయటపడాలంటే అలాంటి ముఖమే కావాలి.

మరుసటి ఏడాది టెరెన్స్ ఫిషర్ తీసిన ‘డ్రాక్యులా’ ఇంకా తెలివైనది. కౌంట్ మొదట మెట్ల పైన నల్లటి ఆకారంగా నిలుస్తాడు, సంగీతం భయపెడుతుంది. దిగి దగ్గరకి వస్తే మర్యాదస్తుడైన అందగాడు. మనం భయాన్ని పక్కన పెట్టాకే ఎర్రటి కళ్లతో, నెత్తురోడే నోటితో తలుపు దగ్గర ప్రత్యక్షమవుతాడు. థేమ్స్ ఒడ్డున బ్రే స్టూడియో చిన్నది. కళాదర్శకుడు బెర్నార్డ్ రాబిన్సన్ ఉన్న సెట్లనే మార్చి మార్చి వాడుతూ కోటలు కట్టాడు. ఆ సెట్లు చీకట్లో మునగవు, దీపాల వెలుగులో శుభ్రంగా ఉంటాయి. ఆ శుభ్రమైన గదిలో రక్తం పడితేనే కంటికి గుచ్చుకుంటుంది.

1992: అన్నీ ఒకేచోట

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ‘బ్రామ్ స్టోకర్స్ డ్రాక్యులా’ మీద ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. చిత్రమంతా స్టూడియోలోనే తీశారు. కంప్యూటర్ మాయలు వద్దని, కొడుకు రోమన్ కొప్పోలా చేతికి పని అప్పగించి, సినిమా తొలినాళ్ల కిటుకులతో నడిపించారు: డబుల్ ఎక్స్‌పోజర్, చిన్న నమూనాలు, వెనక్కి తిప్పిన ఫిల్మ్. పిశాచంగా మారిన లూసీ శవపేటికలోకి తిరిగి జారుకునే షాట్‌ను వెనక్కి తీశారు, అందుకే ఆ కదలిక సహజంగా అనిపించదు. కౌంట్ మాట్లాడుతుంటే నీడ మరో పని చేస్తుంది, డ్రేయర్ సైనికుడి నీడకు వారసురాలిలా. సెట్ల కంటే దుస్తులే ఆ లోకాన్ని మోయాలన్నది కొప్పోలా ఆలోచన. ఎయికో ఇషియోకాకు దుస్తులకు, గ్రెగ్ కానమ్, మిషెల్ బర్క్, మాథ్యూ మంగల్‌లకు మేకప్‌కు ఆస్కార్ వచ్చింది.

కౌంట్ పాత్రలో గ్యారీ ఓల్డ్‌మన్ ముసలి ప్రభువుగా, యువకుడిగా, తోడేలుగా, గబ్బిలంగా మారుతుంటే ఏ రూపంలోనూ మనసు నిలవదని విమర్శకుల ఫిర్యాదు. అందులో నిజముంది. అయితే ముసలి రూపం విషయంలో ఆ ఫిర్యాదు నిలవదు. నేల ఈడ్చే ఎర్రటి అంగీ, పైకి కట్టిన తెల్లటి జుట్టు, వెనక నీడ మూడూ కలిసి నడిచే ఆ కొద్ది నిమిషాల్లో మేకప్‌నీ సన్నివేశాన్నీ వేరుచేసే చోటు దొరకదు.

పక్షాలను పక్కపక్కన పెడితే

చూపే పక్షానికి పియర్స్, హామర్ బలం. ముఖం కనబడితేనే కరుణ సాధ్యమన్నది వాళ్ల గట్టి వాదన, దాచిన రాక్షసుడి మీద జాలి పుట్టదు. వాళ్ల బలహీనత అలవాటు. ఒకసారి చూసిన ముఖం రెండోసారి అంత పనిచేయదు, యూనివర్సల్ తీసిన కొనసాగింపు చిత్రాలే సాక్ష్యం. దాచే పక్షానిది రాడ్‌క్లిఫ్ దారి. వాళ్ల చిత్రాలు పాతబడవు. కానీ జీవే కథానాయకుడైన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను వాళ్ల పద్ధతిలో తీయలేం. మూడో పక్షం చరిత్ర చదివేవాళ్లది. డేవిడ్ స్కాల్ తన ‘ది మాన్‌స్టర్ షో’లో చానీ వికృత ముఖాలను మొదటి ప్రపంచయుద్ధం నుంచి చితికిన ముఖాలతో తిరిగొచ్చిన సైనికులతో ముడిపెట్టాడు. వేల్ కూడా ఆ యుద్ధంలో పోరాడి బందీ అయినవాడే. ఈ చదువు విలువైనదే గానీ, ఒకే కాలంలో వచ్చిన రెండు ముఖాల్లో ఒకటి ఎందుకు నిలిచింది, మరొకటి ఎందుకు మాసిపోయిందన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు తక్కువ.

ఇంకా తేలనివి

మొదటిది కర్తృత్వం. చిత్రకారుడు కూడా అయిన వేల్, కార్లాఫ్ తల బొమ్మలు తాను గీశానన్నాడు. పియర్స్ తన పరిశోధన గురించి చెప్పాడు. రెప్పల ఆలోచన నటుడిది. హక్కు మాత్రం స్టూడియోకి దక్కింది. ఆ ముఖంతో లెక్కలేనంత వ్యాపారం జరిగినా, 1940ల రెండో సగంలో యూనివర్సల్ పియర్స్‌ను పంపించేసింది. మేకప్‌కు ఏటేటా ఆస్కార్ ఇవ్వడం 1981 చిత్రాలతో గానీ మొదలు కాలేదు, అప్పటికి ఆయన పోయి పదమూడేళ్లు. ఈ లెక్క సరిచేయడం చరిత్రకారుల బాధ్యత.

రెండోది ఇంకా బరువైనది. వికృత ముఖం అంటే దుర్మార్గం అన్న సంకేతాన్ని ఈ సంప్రదాయం ఎంత బలంగా నాటింది? 1940లలో అక్రోమెగలీ వ్యాధితో ముఖం మారిన నటుడు రాండో హాటన్‌ను యూనివర్సల్ మేకప్ అవసరం లేని రాక్షసుడిగా వాడుకుంది. ఓర్లాక్ ముక్కు, ఎలుకలు అప్పటి యూదు వ్యతిరేక వ్యంగ్యచిత్రాలను పోలి ఉన్నాయన్న విమర్శ ఉంది. 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ముఖం మీది మచ్చలను దుష్టత్వానికి గుర్తుగా చూపే చిత్రాలకు నిధులివ్వబోమని ప్రకటించింది. కార్లాఫ్ జీవిని ఈ సంకేతానికి ఎదురుదెబ్బగా చూడవచ్చు, ముఖం చూసి తరిమిన జనమే అక్కడ దోషులు. చితికిన ముఖాన్ని ముందు భయానికి వాడుకుని తర్వాత జాలికి వాడుకున్న చిత్రమనీ అనవచ్చు. రెండు చదువులూ ఆ చిత్రంలో ఉన్నాయి, ఒకదాన్ని కొట్టేసే వీలు నాకు కనబడదు.

మూడోది మనం చూస్తున్న ప్రతి ఏది అన్నది. ముర్నా ‘నోస్ఫెరాటు’లో రాత్రి సన్నివేశాలను పగలే తీసి, ప్రింట్‌కు నీలి రంగు అద్దారు. దశాబ్దాలపాటు రంగు లేని ప్రతులే తిరిగాయి. వాటిలో, సూర్యకాంతి తగిలితే చచ్చే పిశాచం పట్టపగలు వీధిలో శవపేటిక మోసుకుపోతుంది. ఆ ప్రతులను చూసి ఆ చిత్రపు వెలుగు గురించి రాసిన వ్యాసాలను ఇప్పుడెలా చదవాలి? 1931 చిత్రాల కొత్త ప్రతుల్లో స్పష్టత పెరిగి, ఆనాటి హాళ్లలో కనబడని అతుకులు బయటపడుతున్నాయి. ఇక డిజిటల్ చేర్పులు. దెల్ తోరో ‘క్రిమ్సన్ పీక్’ (2015)లో డగ్ జోన్స్, హవియెర్ బొతెత్ మేకప్ వేసుకుని నటించిన దెయ్యాలకు పారదర్శకతను కంప్యూటర్‌లో కలిపారు. షూటింగ్ అయిపోయాక కూడా ముఖాన్నీ దాని మీది వెలుగునూ మార్చుకోగలిగితే, మేకప్ మేన్ దీపాల్ని చూసుకుని ముఖం కట్టే పియర్స్ పద్ధతికి చోటెక్కడ? ఎగర్స్ కొవ్వొత్తి మంటల వెలుగులో, డేవిడ్ వైట్ కట్టిన ముఖాన్ని చిత్రంలో చాలాసేపు చీకట్లోనే ఉంచి, ఆ పద్ధతికి చోటుందని చూపాడు. ఆ ఖర్చునూ ఆ ఓపికనూ భరించే నిర్మాతలు ఇంకెందరు దొరుకుతారో వచ్చే చిత్రాలే చెప్పాలి.